రెండో డికాషన్

చైనా వాళ్ళ టీ సామానులో ఒక చిన్న గాజు పాత్ర ఉంటుంది. చూడటానికి మన పాలజగ్గులా, మూతి దగ్గర కాస్త వంపుతో ఉంటుంది. దాని పేరు గోంగ్‌దావ్ బేయ్. గోంగ్‌దావ్ అంటే న్యాయం, బేయ్ అంటే కప్పు. న్యాయం కప్పు అన్నమాట! వంటింటి గిన్నెకి అలాంటి పేరు ఎవరు పెట్టారో గానీ, పదిమందికి వడ్డించిన చెయ్యే అయ్యుంటుందని నా గట్టి నమ్మకం.

దాని పని చాలా చిన్నదండీ. టీ కుండలో ఆకు మీద వేడినీళ్ళు పోసి, కప్పులు ఒక్కొక్కటీ వరుసగా నింపుకుంటూ పోతే మొదటి కప్పు పల్చగా, చివరి కప్పు చేదుగా వస్తాయి. మనం పోస్తున్నంతసేపూ లోపల ఆకు నానుతూనే ఉంటుంది కదా. అందుకని ముందు టీ మొత్తం ఈ పాత్రలోకి ఒంపేస్తారు. అక్కడ అంతా కలిసిపోయాక కప్పుల్లో పోస్తారు. పెద్దాయనకి ఎంత చిక్కనో చివర్న కూర్చున్న పిల్లకీ అంతే చిక్కన.

ఇది నాకు తెలిసింది సింగపూర్‌లో. మనవరాలు పుట్టినప్పుడు మూడు నెలలు మా అమ్మాయి దగ్గర ఉన్నాను. ఎదురు ఫ్లాట్‌లో ఒక చైనా పెద్దావిడ ఉండేవారు. డెబ్భై ఎనిమిదేళ్ళు. టియోచ్యూ వాళ్ళు, అంటే దక్షిణ చైనాలో చావోజౌ ప్రాంతం నుంచి తాతలనాడు వచ్చి స్థిరపడిన కుటుంబం. సింగపూర్‌లో పెద్దవాళ్ళెవరైనా సరే ఆంటీయే కాబట్టి నేను ఆవిడని ఆంటీ అనేదాన్ని, ఆవిడ నన్ను ఆంటీ అనేవారు. మా అల్లుడికి అది వింటే నవ్వు ఆగేది కాదు. పిల్ల పడుకున్నాక మధ్యాహ్నం మూడింటికి ఆవిడ తలుపు తీసి చెయ్యి ఊపితే నేను వెళ్ళేదాన్ని. ఆవిడకి వచ్చిన ఇంగ్లీషు నాకొచ్చినంతే, కాబట్టి మాట్లాడుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు.

విచిత్రమేమిటంటే ఆవిడ దగ్గర ఆ న్యాయం కప్పు లేదు. అది కోడలిది. ‘ఇది కొత్తవాళ్ళ సామాను, తైవాన్ నుంచి వచ్చిన అలవాటు, మాకు చెయ్యి చాలు’ అనేవారు. ఆవిడ సామానల్లా నిమ్మకాయంత ఎర్రమట్టి కుండ, మూడు బుల్లి కప్పులు, ఒలికిన నీళ్ళు కిందికి జారే చిల్లుల పళ్ళెం. అంతే. ఆ మూడు కప్పులూ ఒకదానికొకటి ఆనించి పెట్టి, కుండని వాటి మీద గుండ్రంగా తిప్పుతూ తలా కాస్తా పోసుకుంటూ పోతారు. ఏ కప్పు దగ్గరా చెయ్యి ఆగదు. గ్వాన్ యూ అనే పాతకాలపు సేనాపతి కోట చుట్టూ పహారా తిరిగినట్టు అని దానికో ముచ్చటైన పేరు. చివర్న కుండలో మిగిలిన చిక్కటి చుక్కలుంటాయి చూడండి, అవి కూడా ఒక్కొక్కటి లెక్కపెట్టి ఈ కప్పులో ఒకటి, ఆ కప్పులో ఒకటి. దానికి హాన్ షిన్ అనే ఇంకో సేనాపతి సైనికుల్ని లెక్కపెట్టినట్టు అని పేరు. ఇద్దరు సేనాపతుల్ని పెట్టుకున్నది మూడు బుల్లి కప్పుల్లో ఎవరికీ అన్యాయం జరగకుండా చూడటానికి!

మొదటిసారి అది చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది మా అత్తగారి కాఫీ ఫిల్టర్.

మన కాఫీది టీకి తిరగేసిన లెక్క. టీలో చివరి కప్పు చిక్కన, కాఫీలో మొదట దిగిందే చిక్కన. నేను కాపురానికి వెళ్ళేనాటికి మా అత్తగారింట్లో పదకొండుమందిమి. మొదటి డికాషన్ మామగారికి, మావారికి, మరుదులకి, ఇంటికొచ్చిన పెద్దమనుషులకి. తర్వాత అదే పొడి మీద మళ్ళీ మరుగునీళ్ళు పోస్తే దిగేది రెండో డికాషన్. అది అత్తగారికీ నాకూ. పనిమనిషికి మూడోసారి నీళ్ళు పోసింది, వేరే గ్లాసులో. ఆ గ్లాసు పెరటి కిటికీ గట్టు మీద బోర్లించి ఉండేది. మా ఆడపడుచుకి పెళ్ళికి ముందు రెండోది, పెళ్ళయి భర్తతో కలిసి వచ్చినప్పుడు మొదటిది. ఇదంతా ఇలా ఉండాలని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. గోడ మీద రాసీ లేదు. అయినా ఇంట్లో అందరికీ తెలుసు. మీలో చాలామందికి కూడా తెలిసే ఉంటుంది.

ఆ వంకతోనే నాకు చైనా వాళ్ళ టీ గిన్నెల చరిత్ర మీద ఆసక్తి పుట్టింది. మా అమ్మాయి ఒక ఆదివారం నన్ను సింగపూర్ నది ఒడ్డున ఉన్న ఏషియన్ సివిలైజేషన్స్ మ్యూజియానికి తీసుకెళ్ళింది. అక్కడ ఒక మునిగిపోయిన ఓడలోని సామాను ఉంది. తొమ్మిదో శతాబ్దంలో చైనా నుంచి సరుకుతో బయల్దేరిన అరబ్బుల ఓడ. ఇండోనేషియాలో బెలితుంగ్ దీవి దగ్గర మునిగి, 1998లో బయటపడింది. అందులో అరవై వేల దాకా పింగాణీ వస్తువులు, ఎక్కువగా చాంగ్షా ఊళ్ళో చేసిన గిన్నెలు. ఒక గిన్నె మీద 826వ సంవత్సరం తేదీ ఉంది. ఇంకో గిన్నె మీద ‘టీ గిన్నె’ అని రాసి ఉంది. పన్నెండు వందల ఏళ్ళ నాటిది! మనం డబ్బాల మీద పసుపు, ఆవాలు అని చీటీలు అంటించుకోమూ, అలా.

ఆ కాలం వాళ్ళు తాగిన టీ మనం గుర్తుపట్టలేం. ఆకుని దంచి బిళ్ళలుగా అదిమి ఎండబెట్టేవారు. తాగేముందు ఆ బిళ్ళని నిప్పుల మీద కాల్చి, పొడి చేసి, జల్లించి, కాగే నీళ్ళలో ఉప్పుతో వేసేవారు. దాని మీద మొదటి పెద్ద పుస్తకం రాసినాయన లు యూ. ఎనిమిదో శతాబ్దం మనిషి, అనాథ, బౌద్ధ భిక్షువు పెంచిన పిల్లవాడు. టీలో అల్లం, ఉల్లి, పుదీనా లాంటివి వేసి మరిగించే వాళ్ళంటే ఆయనకి ఒళ్ళుమంట. అది మురిక్కాలవలో నీళ్ళతో సమానమన్నాడు. వర్షం పడితే చాలు అల్లం దంచే మన గురించి ఆయనకి తెలియకపోవడమే మంచిది.

టీ చెయ్యడానికి ఇరవై నాలుగు వస్తువులు కావాలన్నాడు ఆయన. పెద్దింటి వాళ్ళైతే వాటిలో ఒక్కటి తగ్గినా అసలు టీ మానేయడం మేలట. చదవగానే నాకు వచ్చిన మొదటి అనుమానం, ఈ ఇరవై నాలుగూ ఎవరు తోముతారూ అని. కానీ చెప్పుకోవాలి, ఆ జాబితాలో తోమడానికి కావలసినవి కూడా ఉన్నాయి. కడిగిన నీళ్ళు పోసుకోవడానికి ఒక తొట్టి, పిప్పి వెయ్యడానికి ఒక తొట్టి, బ్రష్షు, తుడిచే గుడ్డ. గుడ్డలు రెండు ఉండాలి, మార్చి మార్చి వాడుకోవాలి అని కూడా రాశాడు. వంట పుస్తకాలు ఎన్నో చూశాను గానీ మసిగుడ్డ రెండుండాలని రాసిన మగవాణ్ణి ఈయన్నొక్కణ్ణే చూశాను. తర్వాత అయిదు వందల ఏళ్ళకి, 1269లో, ఇంకొకాయన టీ సామాను పన్నెండింటికి బొమ్మలు వేసి, ఒక్కోదానికీ సర్కారు కొలువులో ఉద్యోగం పేరు తగిలించి సరదా పుస్తకం చేశాడు. అందులోనూ తుడిచే గుడ్డకి ఒక పదవి దక్కింది.

ఇంతకీ కప్పు కింద సాసర్ ఎలా వచ్చిందో తెలుసా? చైనాలో ఒక పాత పుస్తకంలో ఈ కథ ఉంది. 780 ప్రాంతంలో సిచువాన్‌లో ట్సుయ్ నింగ్ అనే పెద్ద అధికారి ఉండేవాడు. ఆయన కూతురికి టీ గిన్నె పట్టుకుంటే వేళ్ళు కాలేవి. గిన్నెని చిన్న పళ్ళెంలో పెట్టుకుంది. తాగబోతే గిన్నె పక్కకి జారిపోయింది. అప్పుడు మైనం కరిగించి పళ్ళెం మధ్యలో గిన్నె అడుగు పట్టేలా గుండ్రంగా గట్టు పోసింది. గిన్నె కదల్లేదు. వాళ్ళ నాన్న అది చూసి ముచ్చటపడి, మైనం బదులు లక్కపూతతో చేయించి అందరికీ చూపించాడట. అంతకన్నా పాత సాసర్లు కూడా తవ్వకాల్లో దొరికాయి కాబట్టి మొట్టమొదటిది ఆ అమ్మాయిదే అనడానికి లేదు. కానీ జరిగే ఉంటుందనిపించే కథ. చెయ్యి కాలినవాళ్ళకే ఉపాయం తడుతుంది. తండ్రి పేరు, హోదా పుస్తకంలో ఉన్నాయి. ఆ పిల్ల పేరు మాత్రం లేదు.

సోంగ్ వంశం రాజుల కాలానికి పద్ధతి మారింది. టీ పొడిని గిన్నెలోనే వేసి, వేడినీళ్ళు పోస్తూ వెదురు బ్రష్షుతో నురగొచ్చేలా గిలక్కొట్టేవారు. ఎవరి నురగ తెల్లగా ఉందో, ఎవరిది ఎక్కువసేపు నిలిచిందో పందేలు వేసుకునేవారు. తెల్ల నురగ కనిపించాలంటే గిన్నె నల్లగా ఉండాలి కదా. అందుకని ఫూజ్యెన్ రాష్ట్రంలో చేసిన నల్ల గిన్నెలకి గిరాకీ పెరిగింది. ఆ నలుపులో కుందేలు వెంట్రుకల్లాంటి సన్నటి గీతలుంటాయి. హుయ్‌జోంగ్ చక్రవర్తి స్వయంగా 1107లో టీ మీద పుస్తకం రాసి, ఆ గిన్నెలే మేలన్నాడు. నురగ గురించి అంత బాగా తెలిసిన మహారాజు 1127లో రాజ్యం పోగొట్టుకుని శత్రువుల చేతిలో బందీగా వెళ్ళిపోయాడు. దాని గురించి నేనేమీ అనను.

మనం చైనా టీ అనగానే ఊహించుకునే చిన్న కుండ ఉందే, అది నిజానికి అంత పాతదేం కాదు. 1391లో మింగ్ వంశాన్ని స్థాపించిన చక్రవర్తి, పేద రైతు ఇంట్లో పుట్టినవాడు, టీ బిళ్ళలు చెయ్యడానికి జనం పడుతున్న చాకిరీ ఎక్కువైందని, ఇక మీదట కప్పంగా విడి ఆకే పంపమన్నాడు. బిళ్ళలు పోయాయి. వాటితో పాటే కాల్చే పటకారు, నూరే రోలు, జల్లెడ, గిలక్కొట్టే బ్రష్షు అన్నీ మెల్లగా మూలపడ్డాయి. ఆకుని నీళ్ళలో నానబెట్టడానికి మూతా ముక్కూ ఉన్న కుండ ఒకటి చాలు. ఒక్క హుకుంతో ఎన్ని వంటిళ్ళలో ఎంత తోముడు తగ్గిందో!

ఆ కుండలకి పేరుపడ్డ ఊరు యీషింగ్. తాయ్ సరస్సుకి దగ్గర్లో ఉంటుంది. అక్కడి మట్టిని జీషా అంటారు, ఊదారంగు ఇసుక అని అర్థం. ఈ కుండలు సారె మీద తిప్పరు. మట్టిని చెక్కతో కొట్టి, అప్పడాల్లా పల్చటి పలకలు చేసి, అతికించి కడతారు. లోపలా బయటా ఎక్కడా మెరుపు పూత ఉండదు. అందుకే మట్టి టీ వాసన పీల్చుకుంటుంది. సబ్బు తగలనివ్వరు. ఆంటీ తన కుండని వట్టి వేడినీళ్ళతో కడిగి బోర్లించేవారు. మా అమ్మమ్మ పులుసు రాచ్చిప్పని చూసుకున్నట్టే చూసుకునేవారు.

యీషింగ్ కుండలు మొదలుపెట్టినవాడిగా చెప్పుకునే గోంగ్ చున్ కూడా ఒక ఇంట్లో పనికుర్రాడే. పదహారో శతాబ్దం మొదట్లో యజమాని గుడిలో కూర్చుని చదువుకుంటుంటే, ఇతను అక్కడి ముసలి సన్యాసి కుండలు చేసే తీరు చూసి నేర్చుకున్నాడంటారు. ఆ తర్వాత వచ్చిన గొప్పవాళ్ళ పేర్లన్నీ దాదాపు మగవాళ్ళవే. ఇరవయ్యో శతాబ్దానికి గానీ జ్యాంగ్ రోంగ్ లాంటి పేరు పైకి రాలేదు. 1919లో పుట్టింది, 2008లో పోయింది. కుమ్మరుల ఇంటి ఆడపిల్ల. తామరాకులు, కప్పలు, పళ్ళు, గింజలు మట్టితో నిజమైనవాటిలా చేసేది. ఆవిడ కుండల ఫొటోలు మా అమ్మాయి చూపించింది. తామర కుండ మూత మీద కప్ప కూర్చుని ఉంటుంది. ముట్టుకుంటే గెంతుతుందేమో అనిపించింది.

చింగ్ రాజుల కాలంలో గైవాన్ బాగా వాడుకలోకి వచ్చింది. మూత, గిన్నె, సాసర్, మూడూ కలిసి ఒకటే. మూత ఆకాశం, సాసర్ భూమి, మధ్యలో గిన్నె మనిషి అంటారు. చంగ్‌దూ ఊరి టీ కొట్లలో ఇప్పటికీ అందులోనే పోస్తారు. మూత పక్కకి ఆనిస్తే ఇంకాసిని నీళ్ళు పొయ్యమని. నోరు తెరిచి అడగక్కర్లేదు. ఇక కప్పుకి చెవి పెట్టించింది యూరప్ వాళ్ళు. చైనా కప్పుకి చెవి ఉండదు. పట్టుకుంటే కాలితే తాగినా కాలుతుంది, కాస్త ఆగు అనేది ఆంటీ సిద్ధాంతం.

ఆవిడ గోంగ్‌ఫూ టీ పద్ధతి కూడా ఆ కాలానిదే. యువాన్ మేయ్ అనే కవి 1786లో వూయీ కొండలకి వెళ్ళినప్పుడు అక్కడి సన్యాసులు అక్రోటు కాయంత కప్పుల్లో టీ ఇచ్చారట. గటగటా తాగడానికి బుద్ధి పుట్టలేదని, కొద్దికొద్దిగా చప్పరిస్తేనే రుచి తెలిసిందని రాశాడు. ఆడవాళ్ళకి కవిత్వం నేర్పి ఆ రోజుల్లో తిట్లు తిన్న మనిషి ఆయన. అందుకని ఆయన మాట మీద నాకు కాస్త గౌరవం.

ఒకరోజు ఆంటీ అలమర పైనుంచి ఎర్ర పెట్టె దించారు. లోపల పెళ్ళి టీ సెట్. కప్పుల మీద జంట సంతోషం అనే ఎర్ర అక్షరం. మన సారెలా వాళ్ళమ్మ ఇచ్చి పంపింది. పెళ్ళినాడు కొత్త దంపతులు అత్తమామలకి, తర్వాత వరసలో పెద్దలందరికీ, ఒక్కొక్కర్నీ వరస పెట్టి పిలుస్తూ రెండు చేతులతో టీ ఇవ్వాలి. వాళ్ళు తాగి దీవించి, ఎర్ర కవరో బంగారమో చేతిలో పెడతారు. అప్పుడే పెళ్ళి అయినట్టు. ‘మా అత్తగారు కప్పు ఖాళీ చేసేదాకా మోకాళ్ళు లేపలేదు’ అన్నారు ఆంటీ. ‘మరి మీకెవరు పోశారు?’ అన్నాను. ఆవిడ ఆలోచించారు. ‘నా కోడలు. పెళ్ళయిన ముప్ఫై ఒక్క ఏళ్ళకి’ అని నవ్వారు. గోంగ్‌ఫూ టీలోనూ పోసేవాళ్ళు చివరే తాగుతారు. కప్పులు మూడే, మనుషులు అయిదుగురుంటే పోసేవాళ్ళ వంతు ఎప్పటికొస్తుందో మీరే లెక్క వేసుకోండి. పోసేది సమానమే. ఎప్పుడు తాగుతామన్నదే వేరు.

ఇంకో మాట చెప్పారావిడ. మొదటిసారి పోసిన నీళ్ళు వాళ్ళు తాగరు. దాంతో కప్పులు కడిగి పళ్ళెంలో పారబోస్తారు. అసలు రుచి రెండోసారి, మూడోసారి పోసినదాంట్లో ఉంటుందట. ‘రెండోది తాగు ఆంటీ, అదే మంచిది’ అని కప్పు నా చేతికిచ్చారు. నేను నవ్వుతుంటే ఎందుకో ఆవిడకి అర్థం కాలేదు. డికాషన్ సంగతి ఇంగ్లీషులో చెప్పడం నా వల్ల కాలేదు.

మా అత్తగారుంటే ఆవిడకి చెప్పేదాన్ని. మామగారు పోయాక, మరుదులు ఎవరి కాపురాలు వాళ్ళు పెట్టుకున్నాక, ఇంట్లో మిగిలింది మేం ముగ్గురం. అప్పుడు ఒకనాటి ఉదయం అత్తగారికి మొదటి డికాషన్‌తో చిక్కటి కాఫీ కలిపి ఇచ్చాను. ఆవిడకి అప్పటికి ఎనభై ఒకటి. ఒక గుక్క తాగి మొహం చిట్లించారు. ‘ఏమిటే ఇది, కషాయంలా ఉంది. కాసిని నీళ్ళు పొయ్యమ్మా’ అన్నారు. మర్నాడూ ఇచ్చి చూశాను. అదే మాట. అరవై ఏళ్ళకి పైగా రోజూ తెల్లవారుజామున లేచి, తన చేత్తో పొడి వేసి, నీళ్ళు కాచి దించిన డికాషన్ అది. దాని రుచి ఆవిడకి తెలియదు. మూడోరోజు నుంచి మళ్ళీ రెండోదే ఇచ్చాను. హాయిగా తాగారు. పోయేదాకా అదే తాగారు. తొమ్మిదింటికి మగవాళ్ళు వెళ్ళిపోయాక వంటింటి గడప మీద కూర్చుని మేమిద్దరం తాగిన ఆ పల్చటి కాఫీ ఎన్నేళ్ళ కబుర్లు విందో కూడా చెప్పాలి. చెడ్డ కాఫీయే. కానీ ఆ గంట మాదే.

సింగపూర్ నుంచి వచ్చేటప్పుడు ఆంటీ కోడలు నాకు ఒక న్యాయం కప్పు కాగితంలో చుట్టి ఇచ్చింది. మా ఇంట్లో చైనా టీ ఎవరూ తాగరు. రెండు డికాషన్లూ అందులోకే ఒంపుతున్నాను. కలిపి, మావారికి, నాకు, మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి, ముగ్గురికీ అందులోంచే. కప్పులు కూడా ఒకే సెట్‌వి. మొదటి రోజు మావారు ‘కాఫీ పల్చబడిందేం?’ అన్నారు. ఇప్పుడు ఫిల్టర్‌లో రెండు చెంచాల పొడి ఎక్కువ వేస్తున్నాను. నెలకి సరిపోయే డబ్బా ఇరవై రెండో తారీఖుకే అయిపోతోంది.